ఇంటి ల్యాబ్‌లో వీసెంటర్ సర్వర్: నెట్‌వర్క్ ముందు, ఇన్‌స్టాలేషన్ తర్వాత

వీసెంటర్ (వీఎంవేర్ హోస్ట్‌లను ఒక్కచోట నుంచి నిర్వహించే సర్వర్) ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోయిందని నన్ను సాయం అడిగే ప్రతివారినీ నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఐపీ చిరునామా ఇచ్చి దాని పేరేమిటో డీఎన్ఎస్‌ను, అంటే పేర్లనూ చిరునామాలనూ జతపరిచే సేవను, అడిగి చూశారా? చాలామంది పేరు ఇచ్చి చిరునామా వస్తోందా లేదా అని మాత్రమే చూసి ఉంటారు. వెనుకనుంచి అడగాలన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు. అందుకే ఈ మార్గదర్శిలో సగభాగం ఇన్‌స్టాలర్‌ను తెరవకముందు చేయవలసిన పనుల గురించే ఉంటుంది. ఆ పనులు సరిగ్గా జరిగితే మిగిలినది ఒక సాయంత్రంలో పూర్తవుతుంది.

ఈఎస్ఎక్స్ఐ అన్న వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన యంత్రాన్ని హోస్ట్ అంటారు. ఒక ఈఎస్ఎక్స్ఐ హోస్ట్ ఎవరి సాయమూ లేకుండానే వర్చువల్ మెషిన్లను (సాఫ్ట్‌వేర్‌లో నడిచే కంప్యూటర్లను) నడపగలదు. వీసెంటర్ పని అలాంటి హోస్ట్‌లను ఒక్కచోటికి చేర్చి, నడుస్తున్న మెషిన్‌ను ఆపకుండా ఒక హోస్ట్ నుంచి మరొకదానికి తరలించడం, ఒక హోస్ట్ పడిపోతే దానిమీది మెషిన్లను ఇంకొకదానిమీద లేపడం, అన్ని హోస్ట్‌లకూ కలిపి ఒకే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌ను (సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఉమ్మడి నెట్‌వర్క్ స్విచ్‌ను) నిర్వహించడం. 2003లో వర్చువల్‌సెంటర్ అన్న పేరుతో మొదలైన ఈ సర్వర్‌ను ఒకప్పుడు విండోస్ మీద కూడా ఎక్కించేవారు. 2020లో వచ్చిన 7.0 నుంచి ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఫోటాన్ లైనక్స్ మీద నడిచే అప్లయన్స్, అంటే ముందే సిద్ధం చేసిన వర్చువల్ మెషిన్, ఒక్కటే ఉంది. నేను ఇక్కడ 8.0ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

లైసెన్స్ సంగతి ముందే తేల్చుకోవాలి. 2023 నవంబరులో వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్ళాక నిబంధనలు చాలా మారాయి. ఉచిత ఈఎస్ఎక్స్ఐని 2024 ఆరంభంలో ఆపివేసి, 2025 ఏప్రిల్‌లో 8.0 అప్‌డేట్ 3తో మళ్ళీ అందుబాటులోకి తెచ్చారు. అయితే ఆ ఉచిత లైసెన్స్ ఉన్న హోస్ట్‌ను వీసెంటర్‌కు జోడించడం కుదరదు. మూల్యాంకన లైసెన్స్ ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి 60 రోజులు పనిచేస్తుంది, ఆ రోజుల్లో డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌తో సహా అన్ని సదుపాయాలూ తెరిచి ఉంటాయి. ఉద్యోగం కోసం వీస్ఫియర్ (ఈఎస్ఎక్స్ఐ, వీసెంటర్ కలిసిన ఉత్పత్తి) నేర్చుకునేవారికి ఈ శ్రమ తప్పదు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో గంటల లెక్కన దొరికే ల్యాబ్‌లో పగలగొట్టి బాగుచేసే అవకాశం ఉండదు, అది ఇంట్లోనే దొరుకుతుంది. కేవలం ఇంటి సేవలు నడుపుకోవడమే లక్ష్యమైతే ఇలాంటి పనే చేసే ప్రాక్స్‌మాక్స్ అన్న సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. చిరునామాలు, వీల్యాన్‌లు (ఒకే స్విచ్ మీద వేరువేరుగా నడిచే నెట్‌వర్క్‌లు), పేర్లు, సమయం గురించి కింద చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది.

యంత్రాల ఎంపిక

రెండు హోస్ట్‌లు ఉంటే నేర్చుకోవడానికి నిండుగా ఉంటుంది. వీసెంటర్‌లో అతిచిన్న పరిమాణమైన టైనీకే 2 వర్చువల్ సీపీయూలు, 14 జీబీ మెమరీ కావాలి. అది 10 హోస్ట్‌లు, 100 మెషిన్ల వరకు సరిపోతుంది, అంటే ఇంటికి ఎప్పటికీ చాలు. ఈఎస్ఎక్స్ఐకి కనీసం 8 జీబీ మెమరీ కావాలి. కాబట్టి వీసెంటర్‌ను మోసే హోస్ట్‌కు 32 జీబీ కంటే తక్కువ పెట్టుకుంటే మిగతా మెషిన్లకు ఏమీ మిగలదు, 64 జీబీ ఉంటే ఊపిరాడుతుంది. బూట్ కోసం పెన్‌డ్రైవ్ వాడే పాత అలవాటు మానుకుని చిన్న ఎస్ఎస్‌డీ పెట్టండి. 8.0కు బూట్ పరికరం కనీసం 32 జీబీ ఉండాలి, 128 జీబీ ఉంటే మేలు.

కొనేముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది నెట్‌వర్క్ కార్డు. చవక మినీ పీసీల్లో ఎక్కువగా కనిపించే రియల్‌టెక్ చిప్‌లను ఈఎస్ఎక్స్ఐ 8.0 ఇన్‌స్టాలర్ తనంతట తాను గుర్తించదు. ఇంటెల్ చిప్ ఉన్న పోర్టులు రెండు ఉన్న యంత్రాన్ని వెతకండి. ఆ రెండో పోర్టు విలువ డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది. రెండవది ప్రాసెసర్. 12వ తరం నుంచి వచ్చిన చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉంటాయి. ఈ తేడాను చూసి ఈఎస్ఎక్స్ఐ ఊదారంగు తెర చూపి ఆగిపోతుంది. బయోస్‌లో చిన్న కోర్లను ఆపివేయడం దీనికి సులువైన ఉపాయం.

చిరునామాలు, వీల్యాన్‌లు

ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే ఇంటి రౌటర్ సాధారణంగా 192.168తో మొదలయ్యే ఒక నెట్‌వర్క్‌ను నడుపుతుంది. ల్యాబ్‌ను అందులో కలపకండి. నేను వాడే పథకం ఇది: వీల్యాన్ 10లో నిర్వహణ కోసం 10.10.10.0/24, వీల్యాన్ 20లో వీమోషన్ (నడుస్తున్న మెషిన్ల తరలింపు) కోసం 10.10.20.0/24, వీల్యాన్ 30లో స్టోరేజ్ కోసం 10.10.30.0/24, వీల్యాన్ 40లో మామూలు మెషిన్ల కోసం 10.10.40.0/24. చిరునామాలోని మూడవ సంఖ్య, వీల్యాన్ సంఖ్య ఒకటే కావడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, అర్ధరాత్రి లోపం వెతుకుతున్నప్పుడు అదే కళ్ళు తెరిపిస్తుంది. నిర్వహణ నెట్‌వర్క్‌లో 10.10.10.1 గేట్‌వే, 10.10.10.5 పేర్ల సర్వర్, 10.10.10.10 వీసెంటర్, 10.10.10.11, 12 హోస్ట్‌లు. ఇవన్నీ స్థిర చిరునామాలే కావాలి, చిరునామాలను తానే పంచే డీహెచ్‌సీపీ వద్దు.

ఇంటి రౌటర్లలో ఎక్కువ వాటికి వీల్యాన్‌లు తెలియవు. వాటి మధ్య దారి చూపడానికి ఓపీఎన్‌సెన్స్ అన్న రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన చిన్న పెట్టెనో, మైక్రోటిక్ రౌటర్‌నో వేరుగా పెట్టి, దాని బయటి వైపు కేబుల్‌ను ఇంటి రౌటర్‌కు కలపాలి. వీమోషన్, స్టోరేజ్ నెట్‌వర్క్‌లకు గేట్‌వే అక్కర్లేదు. అవి రెండు హోస్ట్‌ల మధ్య, నాస్ (నెట్‌వర్క్ మీద ఉండే స్టోరేజ్) పెట్టె మధ్య మాట్లాడుకుంటే చాలు.

స్విచ్ మాత్రం 802.1క్యూ (వీల్యాన్ ట్యాగ్‌ల ప్రమాణం) తెలిసిన మేనేజ్డ్ స్విచ్ కావాలి, ఎనిమిది పోర్టులది సరిపోతుంది. హోస్ట్‌లకు వెళ్ళే నాలుగు పోర్టులనూ ట్రంక్‌గా (పలు వీల్యాన్‌లను మోసేదిగా) మార్చి, 10, 20, 30, 40 నాలుగింటినీ ట్యాగ్‌తో అనుమతించండి. రౌటర్‌కు వెళ్ళే పోర్టు కూడా అలాగే. పేర్ల సర్వర్‌కు వెళ్ళే పోర్టు మాత్రం వీల్యాన్ 10లో ట్యాగ్ లేకుండా ఉండాలి. స్విచ్‌లో లూపులను అడ్డుకునే స్పానింగ్ ట్రీ నడుస్తుంటే హోస్ట్ పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా గుర్తించండి, లేకపోతే కేబుల్ పెట్టిన ప్రతిసారీ అర నిమిషం నిశ్శబ్దం ఉంటుంది. రెండు పోర్టులను కలిపి లింక్ అగ్రిగేషన్ చేయాలన్న కోరిక కలుగుతుంది, చేయకండి. ఈఎస్ఎక్స్ఐ డిఫాల్ట్ పద్ధతి ప్రతి వర్చువల్ పోర్టును ఒక్కో భౌతిక కార్డుకు కేటాయిస్తుంది, దానికి స్విచ్ వైపు ఏ ఏర్పాటూ అక్కర్లేదు. స్విచ్‌లో మాత్రం కలిపి, హోస్ట్‌లో కలపకపోతే ప్యాకెట్లు దారి తప్పుతాయి.

పేర్లు, సమయం

ఈ భాగాన్ని తొందరపడి దాటవేయవద్దని కోరుతున్నాను. వీసెంటర్‌లోని సేవలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది పేరుతోనే, ఆ పేరు మీదే సర్టిఫికెట్లు జారీ అవుతాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పేరు పెట్టకుండా ఐపీ చిరునామానే పేరుగా ఇస్తే, తర్వాత దాన్ని మార్చుకోవడం తలనొప్పి అవుతుంది.

పేర్ల సర్వర్ హోస్ట్‌ల బయట ఉండాలి. దాన్ని కూడా ఒక వర్చువల్ మెషిన్‌గా పెడితే, ఆ మెషిన్ లేవనిదే వీసెంటర్ లేవదు, వీసెంటర్ లేవనిదే ఆ మెషిన్ ఎందుకు లేవలేదో హాయిగా చూసే దారి ఉండదు. నేను ఒక రాస్ప్‌బెర్రీ పై అన్న చిన్న కంప్యూటర్ మీద డీఎన్ఎస్‌మాస్క్ అన్న పేర్ల సర్వర్ నడుపుతున్నాను. దాని హోస్ట్స్ ఫైలులో ఒక్కో యంత్రానికి ఒక్క వరుస రాస్తే చాలు, పేరు నుంచి చిరునామా, చిరునామా నుంచి పేరు రెండూ అదే చెబుతుంది. బైండ్ గాని, విండోస్ డీఎన్ఎస్ గాని వాడేవారు వెనుక వైపు జోన్‌ను విడిగా సృష్టించి, పీటీఆర్ రికార్డు (చిరునామా నుంచి పేరు చెప్పేది) ఉందో లేదో చూసుకోవాలి. ఎక్కువమంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

డొమైన్ పేరుగా లోకల్ అన్న ముగింపు వాడకండి, అది మల్టీకాస్ట్ డీఎన్ఎస్‌కు కేటాయించినది. ఇంటి నెట్‌వర్క్‌ల కోసమే 2018లో ప్రత్యేకించిన హోమ్.ఆర్పా అన్న ముగింపు ఉంది. దాని ముందు ల్యాబ్ అని చేర్చి, వీసెంటర్‌కు వీసీ01, హోస్ట్‌లకు ఈఎస్ఎక్స్01, ఈఎస్ఎక్స్02 అన్న పేర్లు పెట్టుకోవచ్చు. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి, డీఎన్ఎస్‌లో ఎలా రాశారో ఇన్‌స్టాలర్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి. రాశాక ల్యాప్‌టాప్ నుంచి ఎన్ఎస్‌లుకప్ ఆదేశంతో మూడు పేర్లనూ, మూడు చిరునామాలనూ అడగండి. మొత్తం ఆరు ప్రశ్నలు, ఆరింటికీ జవాబు వస్తేనే ముందుకు కదలండి.

అదే రాస్ప్‌బెర్రీ పై మీద క్రోనీ ఎక్కిస్తే సమయం చెప్పే సర్వర్ కూడా అయిపోతుంది. హోస్ట్‌లకూ వీసెంటర్‌కూ మధ్య గడియారాలు తేడాగా నడిస్తే లాగిన్ టోకెన్లు చెల్లకుండా పోతాయి, పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వదు. ఇక్కడ ఒక జాగ్రత్త. రాస్ప్‌బెర్రీ పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ అందేవరకు అది పాత సమయంలోనే ఉంటుంది. అందుకని కరెంటు వచ్చాక మొదట రౌటర్, స్విచ్, రాస్ప్‌బెర్రీ పై లేవాలి, సమయం సరిపడ్డాకే హోస్ట్‌లను లేపాలి. ఇన్వర్టర్ మీద ఆధారపడేవారు దాని వెనుక ఉండే మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోవాలి. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారే ఆ క్షణంలోనే హోస్ట్ రీబూట్ అయిపోవచ్చు.

హోస్ట్‌లను సిద్ధం చేయడం

రెండు యంత్రాల మీదా ఈఎస్ఎక్స్ఐ ఎక్కించడం పావుగంట పని. తర్వాత ఆ పసుపు, బూడిదరంగు తెర మీద ఎఫ్2 నొక్కి నిర్వహణ నెట్‌వర్క్ అమరికలోకి వెళ్ళండి. వీల్యాన్ సంఖ్య 10, స్థిర చిరునామా, గేట్‌వే, డీఎన్ఎస్‌గా 10.10.10.5, పూర్తి హోస్ట్ పేరు ఇచ్చి బయటకు రండి. అదే మెనూలో నిర్వహణ నెట్‌వర్క్‌ను పరీక్షించే అంశం ఒకటి ఉంది. అది గేట్‌వేను, డీఎన్ఎస్‌ను పింగ్ చేసి, తన పేరును తాను అడిగి చూసుకుంటుంది. అన్నిటి పక్కనా ఓకే పడాలి. ఆపైన బ్రౌజర్‌లో ఆ హోస్ట్‌ను తెరిచి, ఎన్‌టీపీ (సమయం చెప్పే) సర్వర్‌గా రాస్ప్‌బెర్రీ పై చిరునామా ఇచ్చి, ఆ సేవ హోస్ట్‌తోపాటే మొదలయ్యేలా మార్చండి.

చేతిలో ఒకే యంత్రం ఉన్నవారు దానిమీదే ఈఎస్ఎక్స్ఐని వర్చువల్ మెషిన్లుగా నడుపుకోవచ్చు. అప్పుడు ఆ మెషిన్లకు హార్డ్‌వేర్ వర్చువలైజేషన్‌ను చూపించే గుర్తు పెట్టాలి. వాటిని కలిపే పోర్ట్ గ్రూపులో (వర్చువల్ స్విచ్‌లో ఒకే అమరిక ఉన్న పోర్టుల గుంపులో) వీల్యాన్ 4095 ఇస్తే ట్యాగ్‌లు లోపలికి చేరతాయి, ప్రామిస్క్యువస్ మోడ్, ఫోర్జ్‌డ్ ట్రాన్స్‌మిట్స్ రెంటినీ అనుమతిస్తేనే లోపలి మెషిన్లు బయటికి మాట్లాడగలవు. వీసెంటర్‌ను మాత్రం బయటి యంత్రం మీదే పెట్టండి.

వీసెంటర్‌ను ఎక్కించడం

ఐఎస్ఓ ఫైలును ల్యాప్‌టాప్‌లో తెరిచి, యూఐ ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌లో మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగిన ఇన్‌స్టాలర్‌ను నడపండి. ల్యాప్‌టాప్ కూడా 10.10.10.5నే డీఎన్ఎస్‌గా వాడాలన్న సంగతి మరవకండి. ఇన్‌స్టాలర్ నడిచేది అక్కడే కాబట్టి పేర్లు దానికీ తెలియాలి.

మొదటి దశలో మొదటి హోస్ట్ పేరు, దాని రూట్ పాస్‌వర్డ్, కొత్త మెషిన్ పేరు ఇస్తారు. పరిమాణం టైనీ ఎంచుకోండి. డిస్క్ 579 జీబీ అని చూసి కంగారు పడకండి, థిన్ డిస్క్ మోడ్‌కు గుర్తు పెడితే వాస్తవంగా ఆక్రమించేది మొదట్లో కొన్ని పదుల జీబీలే. నెట్‌వర్క్ పేజీలో వీఎం నెట్‌వర్క్ అన్న పోర్ట్ గ్రూపును చూపిస్తుంది. దానికి వీల్యాన్ 10 ఇచ్చారో లేదో ముందే హోస్ట్‌లోకి వెళ్ళి చూసుకోండి. నిర్వహణ నెట్‌వర్క్‌కు ఇచ్చిన సంఖ్య దీనికి దానంతట అది రాదు. పూర్తి పేరు, చిరునామా, గేట్‌వే, డీఎన్ఎస్ నింపి ముగించండి.

ఈ దశ పూర్తయ్యాక, రెండవది మొదలుపెట్టకముందు ఆగి, వీసెంటర్ మెషిన్‌కు స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని స్థితిని భద్రపరిచేది) తీయండి. రెండవ దశ మధ్యలో విఫలమైతే మొత్తం మళ్ళీ ఎక్కించనక్కర్లేదు, స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్ళి, తప్పు దిద్దుకుని, బ్రౌజర్‌లో 5480 పోర్టు ద్వారా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రెండవ దశలో సమయానికి ఎన్‌టీపీ సర్వర్‌ను ఎంచుకోండి. సింగిల్ సైన్ ఆన్ (వీసెంటర్ లాగిన్) డొమైన్‌ను వీస్ఫియర్.లోకల్ అన్న డిఫాల్ట్ పేరుతోనే వదిలేయవచ్చు, కాని మీ డీఎన్ఎస్ డొమైన్ పేరునో యాక్టివ్ డైరెక్టరీ పేరునో ఇక్కడ వాడకూడదు. అరగంటలోపు పచ్చ గుర్తు వస్తుంది. వచ్చి, అంతా బాగుందనుకున్నాక ఆ స్నాప్‌షాట్‌ను తొలగించండి.

లోపలికి వెళ్ళాక డేటాసెంటర్, దానిలో క్లస్టర్ (హోస్ట్‌ల గుంపు) సృష్టించి, హోస్ట్‌లను పూర్తి పేర్లతో జోడించండి. జోడించిన హోస్ట్ కాసేపటికి తెగిపోతుంటే యూడీపీ 902 పోర్టు మీద హోస్ట్ నుంచి వీసెంటర్‌కు వెళ్ళే స్పందన దారిలో ఎక్కడో ఆగుతోందని అర్థం. క్లస్టర్ ఏర్పడగానే వీసీఎల్ఎస్ అన్న పేరుతో చిన్న మెషిన్లు కనిపించవచ్చు. అవి క్లస్టర్ సేవలవి, తొలగించకండి.

డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్: నిదానంగా చేయవలసిన పని

ఇప్పటివరకు ప్రతి హోస్ట్‌లోనూ విడివిడిగా ఉన్న స్టాండర్డ్ స్విచ్‌కు బదులు, వీసెంటర్ నిర్వహించే ఒకే స్విచ్‌కు మారుతున్నాం. వీసెంటర్ తానే ఒక వర్చువల్ మెషిన్, తాను నిర్వహించే స్విచ్ మీదే తాను కూర్చుంటుంది. ఈ ముడిని అర్థం చేసుకోకుండా ముందుకు వెళ్ళినవారు ఎప్పుడో ఒకరోజు బయటే నిలబడిపోతారు.

నాకు అలాగే జరిగింది. ఒకసారి మొదటి హోస్ట్ మదర్‌బోర్డు పోయింది. వీసెంటర్ డిస్క్ నాస్ మీద ఉంది కాబట్టి, రెండో హోస్ట్‌లో ఆ మెషిన్‌ను నమోదు చేసి లేపాను. లేచింది, కాని నెట్‌వర్క్ కార్డు తెగి ఉంది. దాన్ని కలపబోతే, ఎఫెమెరల్ కాని డిస్ట్రిబ్యూటెడ్ పోర్ట్ గ్రూపుల్లో కార్డులను మార్చడం కుదరదని హోస్ట్ చెప్పింది. మామూలు స్టాటిక్ బైండింగ్‌లో పోర్టును కేటాయించేది వీసెంటర్. ఆ వీసెంటరే నెట్‌వర్క్ లేక పడి ఉంది. చివరకు ఒక కార్డును డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ నుంచి విడిపించి, తాత్కాలికంగా స్టాండర్డ్ స్విచ్ కట్టి, దాని మీద వీసెంటర్‌ను లేపేసరికి రాత్రి రెండు దాటింది. అప్పటి నుంచి నిర్వహణ పోర్ట్ గ్రూపును ఎఫెమెరల్ బైండింగ్‌తోనే సృష్టిస్తున్నాను. దానిలో పోర్టును హోస్టే సృష్టించుకోగలదు, వీసెంటర్ లేకపోయినా పని ఆగదు. మిగతా పోర్ట్ గ్రూపులు స్టాటిక్‌గా ఉన్నా నష్టం లేదు.

క్రమం ఇలా ఉండాలి. స్విచ్ సృష్టించేటప్పుడు మీ హోస్ట్‌లలో అన్నిటికంటే పాతదానికి సరిపడే వెర్షన్, రెండు అప్‌లింకులు (భౌతిక కార్డులకు స్థానాలు) ఎంచుకోండి. పోర్ట్ గ్రూపులు నాలుగు చేసి, ఒక్కోదానికి 10, 20, 30, 40 వీల్యాన్ సంఖ్యలు ఇవ్వండి. నిర్వహణ గ్రూపుకు సంఖ్య ఇవ్వడం మరిచిపోయి తరలిస్తే వెంటనే సంబంధం తెగుతుంది. అప్పుడు వీసెంటర్ మార్పును వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంది గాని, దాని మీద ఆధారపడి పని చేయకూడదు.

తర్వాత, వీసెంటర్ లేని హోస్ట్‌తో మొదలుపెట్టండి. దాని రెండో కార్డును మాత్రమే కొత్త స్విచ్‌కు ఇవ్వండి. మొదటి కార్డు పాత స్విచ్ మీదే ఉండటంవల్ల నిర్వహణ దారి చెక్కుచెదరదు. ఆపైన వీఎంకే0 అన్న నిర్వహణ ఇంటర్‌ఫేస్‌ను కొత్త గ్రూపుకు మార్చి, హోస్ట్ ఇంకా పలుకుతోందో లేదో రెండు నిమిషాలు చూడండి. పలికితే దాని మీది మెషిన్లను మార్చి, చివరగా మొదటి కార్డును ఇవ్వండి. వీసెంటర్ ఉన్న హోస్ట్‌కూ ఇదే వరస, అందులో మెషిన్లను మార్చే మెట్టు దగ్గర వీసెంటర్ కార్డును నిర్వహణ గ్రూపుకు మార్చాలి. ఒకే కార్డు ఉన్న హోస్ట్‌లో కార్డు, వీఎంకే0, వీసెంటర్ మూడింటినీ ఒకే దెబ్బలో మార్చవలసి వస్తుంది. అది కుదిరే పనే అయినా, అలాంటి యంత్రంలో స్టాండర్డ్ స్విచ్‌నే ఉంచుకోమని నా సలహా. పొరపాటున బయటపడిపోతే, హోస్ట్ ముందు కూర్చుని ఎఫ్2 తెరలోని నెట్‌వర్క్ పునరుద్ధరణ మెనూతో స్టాండర్డ్ స్విచ్‌ను తిరిగి తెచ్చుకోవచ్చు. అందుకే ఈ పని చేసే రోజు మానిటర్, కీబోర్డు హోస్ట్‌కు తగిలించి ఉంచండి.

కార్డుల కేటాయింపులో నిర్వహణకు మొదటి అప్‌లింక్ చురుకుగా, రెండోది అండగా, వీమోషన్‌కు దానికి సరిగ్గా తిరగేసి పెట్టండి. పెద్ద మెషిన్‌ను తరలిస్తున్నప్పుడు నిర్వహణ దారి ఇరుకవదు.

పరీక్షలు, ఆపై జాగ్రత్తలు

ప్రతి హోస్ట్‌లో వీల్యాన్ 20 మీద ఒక వీఎంకర్నల్ ఇంటర్‌ఫేస్ (హోస్ట్ తానే వాడుకునే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్) చేసి, వీమోషన్ సేవకు గుర్తు పెట్టి, ఒక చిన్న లైనక్స్ మెషిన్‌ను అటూ ఇటూ తరలించి చూడండి. తరలిస్తున్నంతసేపూ దాన్ని పింగ్ చేస్తూ ఉంటే ఒకటో రెండో జవాబులు ఆలస్యం కావచ్చు, తెగిపోకూడదు. ఉమ్మడి స్టోరేజ్ లేకపోయినా డిస్క్‌తో సహా తరలించవచ్చు, సమయం ఎక్కువ పడుతుంది.

స్టోరేజ్ కోసం ఎంటీయూను (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని) 9000కు పెంచాలనుకుంటే భౌతిక స్విచ్, డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్, వీఎంకర్నల్ ఇంటర్‌ఫేస్, నాస్ నాలుగుచోట్లా పెంచాలి. ఒక్కచోట 1500 ఉండిపోతే చిన్న ప్యాకెట్లు సాఫీగా వెళతాయి, పెద్ద ఫైలు కాపీ మాత్రం వేలాడుతుంది. అందుకని హోస్ట్‌లోని పింగ్ ఆదేశమైన వీఎంకేపింగ్‌లో ప్యాకెట్‌ను విడగొట్టవద్దన్న ఎంపికతో 8972 బైట్లు పంపి చూడాలి. 9000లోంచి ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 తీసివేస్తే వచ్చే సంఖ్య అది. ఒక గిగాబిట్ నెట్‌వర్క్ ఉన్న ఇంట్లో 1500తో ఉండిపోయినా కనిపించే నష్టం తక్కువే.

5480 పోర్టులోని నిర్వహణ పేజీలో బ్యాకప్ షెడ్యూల్ పెట్టి, నాస్ మీదికి ఎన్ఎఫ్ఎస్ ద్వారానో ఎస్ఎఫ్‌టీపీ ద్వారానో పంపండి. డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ అమరికను కూడా విడిగా ఎగుమతి చేసి ల్యాప్‌టాప్‌లో దాచండి. అదే పేజీలో రూట్ పాస్‌వర్డ్ గడువు 90 రోజులని ఉంటుంది. మూడు నెలలు ల్యాబ్ ముట్టుకోకుండా తిరిగి వచ్చినవారు ఆ గడువు దగ్గరే చిక్కుకుంటారు. ఇంటి ల్యాబ్‌కు ఆ గడువును తీసివేయడంలో తప్పులేదు.

ఆపేటప్పుడు మామూలు మెషిన్లు, ఆ తర్వాత వీసెంటర్, చివరగా హోస్ట్‌లు, ఆపైన నాస్. లేపేటప్పుడు రౌటర్, స్విచ్, రాస్ప్‌బెర్రీ పై, నాస్, హోస్ట్‌లు, వీసెంటర్. వీసెంటర్ ఏ హోస్ట్ మీద ఉందో ఆపేముందు ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని స్విచ్ పక్కనే అంటించండి. లేపేటప్పుడు ఏ హోస్ట్‌లోకి వెళ్ళి దాన్ని ఆన్ చేయాలో వీసెంటర్‌ను అడిగి తెలుసుకోవడం కుదరదు.